గేమింగ్ కేఫ్‌లో ఎప్పుడు చూసినా అవే నాలుగు ఆటలు ఎందుకుంటాయి?

మీరు మూడు సంగతులు అడిగారు. ఇంట్లో మంచి కంప్యూటరూ, వేగమైన ఇంటర్నెట్టూ ఉన్నా మీ తమ్ముడు డబ్బులిచ్చి మరీ గేమింగ్ కేఫ్‌కి ఎందుకు వెళ్తున్నాడన్నది మొదటిది. వెళ్లాక కూడా సగం సేపు తాను ఆడకుండా వేరేవాళ్ల వెనక నిలబడి చూస్తాడట, అదేమిటన్నది రెండోది. ఇన్ని వేల ఆటలుంటే అక్కడ ఎప్పుడు చూసినా అవే మూడు నాలుగు ఎందుకు కనిపిస్తాయన్నది మూడోది. రెండోదాన్ని మీరు మాటవరసకి రాశారు గానీ, నా దృష్టిలో అసలు ప్రశ్న అదే. దానికి జవాబు దొరికితే మిగతా రెండూ తేలిగ్గా విడిపోతాయి.

నేను చాలా ఏళ్లు కేఫ్ నడిపాను. తర్వాత వేరేవాళ్ల కేఫ్‌లకి నెట్‌వర్కు, సిస్టమ్‌లు సెట్ చేసిపెట్టే పనిలోకి వచ్చాను. కౌంటర్ దగ్గర కూర్చునేవాడికి ఒక విషయం తొందరగానే తెలిసొస్తుంది. ఏ ఆట ఆడేవాడి కుర్చీ వెనక ఇద్దరు ముగ్గురు చేరుతున్నారో, కొద్ది వారాల్లో ఆ ఆటే సగం సీట్లలో కనిపిస్తుంది. వెనక ఎవరూ నిలబడని ఆట ఎంత గొప్పదైనా ఆ ఒక్క సీటు దాటి పోదు. పోస్టర్లు, టోర్నమెంట్లు, కంపెనీవాళ్ల ఆఫర్లు అన్నీ దీని తర్వాతే. మల్టీప్లేయర్ ఆటలకి, అంటే చాలామంది ఒకేసారి కలిసి ఆడేవాటికి, కేఫ్‌లో గిరాకీ అని అందరూ అంటారు. ఆ మాట సగమే నిజం. నిలబడి చూసేవాడికి అర్థమై, వాణ్ణి కూడా కుర్చీలోకి లాగగలిగే మల్టీప్లేయర్ ఆటలకే ఆ గిరాకీ.

కౌంటర్-స్ట్రైక్ అనే తుపాకుల ఆటని తీసుకోండి. 1998లో వచ్చిన హాఫ్-లైఫ్ అనే ఆటని ఆధారం చేసుకుని, మిన్ లీ, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్లు 1999లో తయారుచేసిన ఉచిత మోడ్ అది, అంటే ఉన్న ఆటని మార్చి చేసిన కొత్త ఆట. 2000లో వాల్వ్ కంపెనీ దాన్ని విడి ఆటగా అమ్మకానికి పెట్టింది. అందులో గ్రాఫిక్స్ గొప్పగా ఉన్నాయని ఎవరూ అనలేదు, అంతకంటే అందమైన ఆటలు అప్పటికే ఉన్నాయి. దాని బలమంతా ఒక్క నియమంలో ఉంది: చచ్చినవాడు ఆ రౌండు అయిపోయేదాకా మళ్లీ ఆటలోకి రాలేడు.

అంతకుముందు డూమ్, క్వేక్ లాంటి ఆటల్లో అందరూ ఒకర్నొకరు కాల్చుకునే పోటీలో చావుకి పెద్ద విలువ లేదు. పోయిన మరుక్షణం బటన్ నొక్కి మళ్లీ దిగిపోవచ్చు. ఆడేవాడికి అది హుషారుగానే ఉంటుంది, చూసేవాడికి మాత్రం ఎవరు ఎవర్ని ఎందుకు కాలుస్తున్నారో అంతుపట్టదు. కౌంటర్-స్ట్రైక్‌లో చచ్చినవాడికి చేయడానికి పనేమీ ఉండదు. హెడ్‌సెట్ మెడలోకి దించుకుని పక్కవాడి స్క్రీన్ వైపు ఒరుగుతాడు. ఆడటానికి వచ్చినవాళ్లే ఒక్కొక్కరుగా ప్రేక్షకులైపోతారు. చివరికి ఒక టీమ్‌లో నలుగురు పోయి ఒక్కడే మిగులుతాడు, అవతల ఇద్దరో ముగ్గురో ఉంటారు, బాంబు అప్పటికే పెట్టేసి ఉంటుంది. ఇప్పటి ఆటలో అది పేలడానికి 40 సెకన్ల టైమ్. ఆ 40 సెకన్లూ ఆ వరసలో ఉన్నవాళ్లందరి కళ్లూ ఒకే స్క్రీన్ మీద ఉంటాయి. వాడు గెలిచాడా, ఇక కేఫ్ దద్దరిల్లిపోతుంది. ఆ అరుపులకి మూల సీట్లో వేరే ఏదో ఆడుకుంటున్నవాడు కూడా ఏమైందా అని లేచి వస్తాడు. రేపు వాడు ఏ ఆట తెరుస్తాడో ఊహించడం కష్టం కాదు.

చూసేవాడికి ఈ ఆట అర్థం కావడానికి రెండు ముక్కలు చాలు. వాళ్లు బాంబు పెట్టాలి, వీళ్లు ఆపాలి. ఒక రౌండు రెండు మూడు నిమిషాల్లో తేలిపోతుంది కాబట్టి, ఎవరికోసమో ఎదురుచూస్తూ కాసేపు నిలబడినవాడు కూడా మొదలూ చివరా చూసేస్తాడు. పది రౌండ్లు చూశాడంటే ఏ సందులోంచి ఎవరొస్తారో వాడికి ఆడకుండానే తెలిసిపోతుంది. డస్ట్ 2 అనే మ్యాపు, అంటే ఆట జరిగే చోటు, 2001 నుంచి ఉంది. తుపాకి ఎప్పుడూ పట్టుకోకపోయినా, అందులో ఏ తలుపు వెనక ఎవరు పొంచి ఉంటారో చెప్పగలిగిన కుర్రాళ్లని చాలామందిని చూశాను.

దీనివల్ల ఒక తలనొప్పి కూడా ఉంది. ఆన్‌లైన్‌లో చచ్చినవాడి మాట బతికున్నవాడికి వినపడకుండా కట్టడి చేసే సెట్టింగ్ ఉంది. పక్కపక్కన కూర్చున్నప్పుడు ఆ కట్టడి పనిచేయదు. "నీ ఎడమవైపు డబ్బాల వెనక ఉన్నాడ్రా" అని చచ్చినవాడు అరిచేస్తాడు. అవతలి టీమ్ స్క్రీన్ ఓరకంట చూసేవాళ్లు మరో రకం. కేఫ్‌లో గొడవల్లో ఎక్కువ భాగం ఈ రెండిటి నుంచే వస్తాయి. అందుకే సీట్లు వేసేటప్పుడు ఒక టీమ్‌ది ఒక వరస, ఎదుటి టీమ్ ఆ మానిటర్ల వెనకవైపు ఉండేలా చూసుకోమని చెప్తుంటాను. వెనక నిలబడేవాళ్ల కోసం వరసకీ వరసకీ మధ్య దారి కూడా వెడల్పుగా వదలాలి. కొత్తగా పెట్టేవాళ్లు ఆ జాగాలో ఇంకో నాలుగు సీట్లు పడతాయని లెక్కేసుకుంటారు. జనం నిలబడే చోటు పోతే వేసిన నాలుగు సీట్లూ ఖాళీగానే ఉంటాయి.

ఇక చూసేవాడు ఆటగాడుగా ఎలా మారతాడన్నది. ఇక్కడే ఐదుగురి లెక్క వస్తుంది. కౌంటర్-స్ట్రైక్ పోటీ ఆట, డోటా, లీగ్ ఆఫ్ లెజెండ్స్, వాలరంట్, అన్నీ ఐదుగురికి ఐదుగురు. ఐదుగురి గ్యాంగ్‌లో రోజూ ఎవరో ఒకరు ఎగ్గొడతారు. ఒకడికి పరీక్ష, ఒకడికి ఇంట్లో పని. నలుగురు కూర్చుని ఐదోవాడి కోసం చుట్టూ చూస్తారు. అప్పుడు వెనక నిలబడ్డవాడు కనిపిస్తాడు. "రా తమ్ముడూ, కూర్చో" అంటారు. వాడు ఎప్పుడూ ఆడి ఉండకపోయినా రోజూ చూస్తున్నాడు కాబట్టి మ్యాపు తెలుసు, ఎవరెలా ఆడతారో తెలుసు, వాళ్ల బూతులు కూడా తెలుసు. ఇద్దరు చాలిన ఆటలో ఈ ఖాళీ ఏర్పడదు, వందమంది ఎవరికి వారు ఆడే ఆటలో ఎవరూ ఎవర్నీ పిలవరు. ఐదు అనే అంకె కేఫ్‌కి సరిగ్గా అతికింది.

పిలిస్తే సరిపోదు, ఆట తెలియనివాడికి చేయడానికి ఏదో ఒక పని ఉండాలి. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో సపోర్ట్ అనే పాత్ర ఉంటుంది. పక్కవాణ్ణి కాపాడుతూ, దారుల్లో కాపలా గుర్తులు పెడుతూ తిరగడం దాని పని. బాగా ఆడాలంటే అదీ కష్టమే గానీ, సరిగా ఆడకపోయినా మ్యాచ్ అంతా వెంటనే కూలిపోదు. ఓవర్‌వాచ్‌లో గాయాలు మాన్పే పాత్రలున్నాయి. కౌంటర్-స్ట్రైక్‌లో కొత్తవాడికి "నువ్వు ఇక్కడే ఉండు, ఎవరన్నా కనపడితే అరిచి చెప్పు" అని ఒక మూల చూపిస్తారు. ఫైటింగ్ గేమ్స్ వెనకా జనం బాగానే నిలబడతారు, కానీ కొత్తవాడు కూర్చున్న నిమిషంలో ఓడిపోయి లేస్తాడు. వాడి తప్పు కప్పడానికి పక్కన ఇంకెవరూ ఉండరు. నిలబడి చూసినవాళ్లలో చాలామంది అందుకే అలాగే చూస్తూ ఉండిపోతారు.

కాబట్టి మీ తమ్ముడి సంగతి. ఒకటి రెండు రోజులు గమనించండి, లేదా కౌంటర్ దగ్గర ఉన్నవాణ్ణి అడగండి. వాళ్లకి అన్నీ తెలుస్తాయి. రోజూ ఒకే గ్యాంగ్ వెనక నిలబడుతున్నాడంటే వాడు ఆ టీమ్‌లో చోటు కోసం ఎదురుచూస్తున్నాడు, లేదా ఇప్పటికే అప్పుడప్పుడు ఆడే ఆరోవాడు. ఇంట్లో ఎంత మంచి కంప్యూటర్ కొనిచ్చినా ఆ చోటు రాదు. రోజుకో సీటు వెనక నిలబడుతూ ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చేస్తున్నాడంటే మాత్రం ఆట మీద మోజు కంటే ఇంటికి వెళ్లబుద్ధి కాకపోవడమో, జేబులో డబ్బులు అయిపోవడమో కారణం కావచ్చు. అప్పుడు మాట్లాడాల్సింది ఆటల గురించి కాదు.

మొదటి ప్రశ్నకి, అంటే ఇల్లు వదిలి ఎందుకు వెళ్తారన్నదానికి, ఒకప్పుడు జవాబు చాలా సులువు. వేరే దారి లేదు. 1993 డిసెంబర్‌లో డూమ్ వచ్చినప్పుడు నలుగురు కలిసి ఆడాలంటే నాలుగు కంప్యూటర్లు ఒకే నెట్‌వర్క్‌కి కట్టి ఉండాలి. అవి ఉండేది ఆఫీసుల్లో, యూనివర్సిటీల్లో. మొదటి వెర్షన్ ప్రతి చిన్న సమాచారాన్నీ నెట్‌వర్క్‌లో ఉన్న అన్ని కంప్యూటర్లకీ పంపేది. నలుగురు ఆడుకుంటుంటే మిగతా బిల్డింగులో పని ఆగిపోయేది. కొన్ని సంస్థలు ఆ ఆటనే నిషేధించాయి, తర్వాతి వెర్షన్‌లో దాన్ని సరిచేశారు. ఇంట్లో ఉన్న టెలిఫోన్ మోడెమ్‌తో ఆడితే బటన్ నొక్కిన సంగతి సర్వర్‌కి వెళ్లి తిరిగి రావడానికి రెండు మూడు వందల మిల్లీసెకన్లు పట్టేది. కేఫ్‌లోని ల్యాన్ మీద, అంటే ఒకే చోట కంప్యూటర్లని కలిపే నెట్‌వర్క్ మీద, అదే ఒక మిల్లీసెకను అటూఇటూ. ఇంట్లో ఆడేవాడూ కేఫ్‌లో ఆడేవాడూ ఒకే ఆట ఆడుతున్నారని అనడానికే వీల్లేదు.

ఆ రోజుల్లో కేఫ్ ఎంత దూరం వెళ్లగలదో చూపించింది దక్షిణ కొరియా. 1997 చివర్లో అక్కడ ఆర్థిక సంక్షోభం వచ్చి చాలామంది ఉద్యోగాలు పోయాయి. అలా పోయినవాళ్లలో కొందరు ఉన్న డబ్బుతో పీసీ బాంగ్‌లు, అంటే అక్కడి గేమింగ్ కేఫ్‌లు పెట్టుకున్నారు. అదే సమయంలో ప్రభుత్వం దేశమంతా బ్రాడ్‌బ్యాండ్ వేయించింది. జపాన్ సాంస్కృతిక ఉత్పత్తుల మీద అంతకుముందు నుంచి ఆంక్షలు ఉండటంతో జపాన్ కన్సోల్‌లు, అంటే టీవీకి తగిలించి ఆడే పెట్టెలు, అక్కడ పెద్దగా పాతుకోలేదు. సరిగ్గా అప్పుడు, 1998 మార్చిలో, బ్లిజార్డ్ కంపెనీ స్టార్‌క్రాఫ్ట్ అనే యుద్ధవ్యూహాల ఆట విడుదల చేసింది. 2001 నాటికి ఆ దేశంలో ఇరవై వేలకి పైగా పీసీ బాంగ్‌లు ఉన్నాయి.

స్టార్‌క్రాఫ్ట్ విషయంలో నాకు బాగా నచ్చేది ఆ తర్వాత జరిగినది. కేఫ్‌లో మంచి ఆటగాడి వెనక జనం గుమిగూడటం చూసి, ఆ చూడటాన్నే టీవీకి ఎక్కించారు. 2000లో ఆన్‌గేమ్‌నెట్ అనే ఛానెల్ మొదలైంది, అదే ఏడు కొరియా ఈ-స్పోర్ట్స్ (వీడియో గేమ్ పోటీల) సంఘం కూడా ఏర్పడింది. కుర్చీ వెనక పదిమందికి చోటుంటే టీవీ ముందు లక్షలమందికి చోటు దొరికింది. ఇప్పుడు యూట్యూబ్‌లో, ట్విచ్‌లో మనం చూస్తున్న స్ట్రీమింగ్‌కి మూలాల్లో ఒకటి అదే.

చైనాలో కథ కొంచెం వేరు. అక్కడ 2000లో కన్సోల్‌ల తయారీ, అమ్మకాల మీద నిషేధం పెట్టి దాదాపు పధ్నాలుగేళ్లు ఉంచారు. ఆడాలంటే కంప్యూటరే గతి, కంప్యూటర్ లేనివాడికి కేఫే గతి. 2002లో వార్‌క్రాఫ్ట్ 3 వచ్చింది, తర్వాత ఆటగాళ్లే దాని మీద డోటా అనే మ్యాపు తయారుచేసుకున్నారు. మ్యాపు ఫైలు కొద్ది ఎంబీలే. ఒక సిస్టమ్‌లో ఉంటే చాలు, ల్యాన్ మీద క్షణాల్లో అన్నిటికీ పాకుతుంది. ఆగ్నేయాసియా కేఫ్‌లన్నిటినీ అది ఏళ్లతరబడి ఏలింది. ఫిలిప్పీన్స్‌లో అయితే నాణెం వేస్తే కొన్ని నిమిషాలు నడిచే కంప్యూటర్ల మీద కూడా ఆడేవాళ్లు. టైమ్ అయిపోయి స్క్రీన్ ఆగిపోకుండా పక్కవాడు నాణెం వేయాలి, ఎందుకంటే ఒకడు పోతే మిగతా నలుగురూ ఓడిపోతారు.

ఈ చివరి మాట కేఫ్‌లో ఎక్కడైనా నిజమే. డోటా మ్యాచ్ ముప్పై నలభై నిమిషాలు నడుస్తుంది. ఎప్పుడు ముగుస్తుందో ముందు తెలియదు. ఒకడి గంట మధ్యలో అయిపోతే మిగతావాళ్లు తలా కొంత వేసుకుని వాడి టైమ్ పెంచుతారు. ఒంటరిగా ఆడుకునేవాడు టైమ్ అయిపోగానే లేచి వెళ్లిపోతాడు, గ్యాంగ్ మాత్రం మ్యాచ్ అయ్యేదాకా లేవదు. కేఫ్ యజమానికి మల్టీప్లేయర్ ఆటల మీద అంత ప్రేమ ఎందుకో ఇందులోనే ఉంది.

ఎప్పుడూ అవే ఆటలు ఎందుకన్న మీ మూడో ప్రశ్నకి ఇంకో సాదాసీదా కారణం కూడా ఉంది. బయటివాళ్లకి అది కనపడదు. ఇప్పుడు చాలా కేఫ్‌లలో సీటు దగ్గరున్న కంప్యూటర్‌లో హార్డ్‌డిస్క్ ఉండదు. విండోస్, ఆటలు అన్నీ ఒక సర్వర్‌లో ఉంటాయి, ప్రతి సీటూ నెట్‌వర్క్ మీద అక్కణ్ణుంచే బూట్ అవుతుంది. ఆ సీట్లో మీరు ఏం సేవ్ చేసినా, ఏ వైరస్ ఎక్కించినా, రీస్టార్ట్ చేయగానే అన్నీ చెరిగిపోతాయి. సర్వర్‌లో ఒక్కసారి అప్‌డేట్ చేస్తే అన్ని సీట్లలో అయినట్టే. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఇప్పటి ఆటలు ఒక్కొక్కటీ పదుల జీబీలు, అప్‌డేట్లు వారం వారం వస్తాయి. యజమాని ఎవరూ అడగని ఆటకి రాత్రంతా కూర్చుని అప్‌డేట్ పెట్టడు. ఎక్కువమంది ఆడే నాలుగైదు ఆటలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి, మిగతావి తెరిస్తే అరగంట డౌన్‌లోడ్ చూపిస్తాయి. డబ్బులిచ్చిన గంటలో అరగంట ఎవడు కాచుకుంటాడు? సిద్ధంగా ఉన్నదే ఆడతాడు. ఆడతాడు కాబట్టి అదే సిద్ధంగా ఉంటుంది.

ఆటలో సంపాదించుకున్నదంతా ఆ సీట్లో కాకుండా కంపెనీ సర్వర్‌లో, ఐడీ కింద ఉండాలన్నది కూడా దీంతోనే వస్తుంది. కథ ఉన్న ఒంటరి ఆటలో సేవ్ ఫైలు సీటుతోపాటు చెరిగిపోయే ప్రమాదం ఉంది. ఐడీ ఉన్న ఆటలో ఏ సీట్లో కూర్చున్నా మీ ర్యాంకు, మీ బొమ్మలు, మీ స్నేహితుల లిస్టు ముందుకొచ్చేస్తాయి. మల్టీప్లేయర్ ఆటలు గెలవడానికి సగం కారణం ఇలాంటి కనపడని పనుల్లోనే ఉంది, కానీ దాని గురించి ఎవరూ రాయరు.

ఉచితంగా దొరకడం మరొకటి. వెనక నిలబడ్డవాణ్ణి "రా" అని పిలిచిన ఐదు నిమిషాల్లో వాడు ఐడీ చేసుకుని కూర్చోగలగాలి. కొనుక్కోవాల్సిన ఆటైతే అక్కడే ఆగిపోతుంది. లీగ్ ఆఫ్ లెజెండ్స్ చేసిన రయట్ కంపెనీ ఈ విషయం బాగా పట్టుకుంది. 2011 చివర్లో దాన్ని కొరియాలో విడుదల చేసినప్పుడు, పీసీ బాంగ్‌లో కూర్చుని ఆడేవాళ్లకి అన్ని పాత్రలూ తెరిచిపెట్టింది. ఇంట్లో అవే పాత్రలు ఒక్కొక్కటిగా సంపాదించుకోవాలి. ఆడేవాడికి ఉచితమే, కేఫ్ మాత్రం ఆడిన గంటల లెక్కన కంపెనీకి కడుతుంది. వాల్వ్‌కి కూడా కేఫ్‌ల కోసం వేరే లైసెన్సు పద్ధతి ఉంది.

కొరియా పీసీ బాంగ్‌లలో ఏ ఆట ఎన్ని గంటలు ఆడుతున్నారో లెక్క కట్టి ప్రకటిస్తుంటారు. ఏళ్లతరబడి మొదటి స్థానంలో ఉన్న లీగ్ ఆఫ్ లెజెండ్స్‌ని 2016లో, విడుదలైన కొద్ది వారాలకే, ఓవర్‌వాచ్ కిందకి తోసింది. 2017 చివర్లో పబ్జీ వచ్చి రెండిటినీ దాటింది. 2018లో లీగ్ ఆఫ్ లెజెండ్స్ మళ్లీ పైకొచ్చి కూర్చుంది. పబ్జీ నేను చెప్పిన సూత్రానికి కొంచెం ఎదురు తిరిగే ఉదాహరణ. వందమంది దిగుతారు, మొదటి పదిహేను నిమిషాలు ఇళ్లల్లో దూరి తుపాకులు ఏరుకోవడమే, నిలబడి చూసేవాడికి ఆవలింతలొస్తాయి. అయినా అంత ఆడింది ఎందుకంటే, అది వచ్చిన కొత్తలో మామూలు ఇంటి కంప్యూటర్ల మీద నత్తనడకన నడిచేది. కేఫ్‌లో మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది. నలుగురి స్క్వాడ్‌గా కూడా ఆడొచ్చు. ఆడే చోటు కుంచించుకుపోయి చివరి వలయం మిగిలినప్పుడు జనం మూగుతారు కూడా. కానీ యంత్రం కోసం వచ్చినవాడు ఇంట్లో అలాంటి యంత్రం వచ్చిన రోజు కేఫ్ మానేస్తాడు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది, దానికోసం ఎవరూ యంత్రాన్ని వెతుక్కుంటూ రారు. అయినా వస్తూనే ఉన్నారు. నాకు ఈ తేడా చాలా విషయాలు చెప్తుంది.

అయితే ఇప్పుడు కేఫ్‌లో ఇంట్లో లేనిది ఏముంది? పింగ్ తేడా, అంటే సర్వర్‌కి వెళ్లి తిరిగి రావడానికి పట్టే టైమ్‌లో తేడా, దాదాపు పోయింది. మాట్లాడుకోవడానికి డిస్కార్డ్ ఉంది. యంత్రం తేడా కొంత మిగిలింది. మామూలు 60 హెర్ట్జ్ మానిటర్ 16.7 మిల్లీసెకన్లకి ఒక కొత్త బొమ్మ చూపిస్తే, 240 హెర్ట్జ్‌ది 4.2 మిల్లీసెకన్లకే చూపిస్తుంది. మూలమలుపులో ఎవరు ఎవర్ని ముందు చూశారన్న దాంట్లో అది తెలుస్తుంది. కానీ అసలు తేడా చేతుల్లో ఉంది. యూట్యూబ్‌లో మంచి ఆటగాడి స్క్రీన్ కనిపిస్తుంది. కేఫ్‌లో వాడి చెయ్యి కనిపిస్తుంది. కీబోర్డుని ఎంత వంకరగా పెట్టుకున్నాడు, మౌస్‌ని మణికట్టుతో తిప్పుతున్నాడా మోచేత్తో తిప్పుతున్నాడా, రౌండు మొదలవగానే తుపాకి కొనడానికి ఏ వేలు ఎటు వెళ్లింది. అర్థం కాకపోతే "అన్నా, అదెలా కొట్టావ్?" అని అక్కడికక్కడే అడగొచ్చు. అన్న గెలిచి ఉంటే చెప్తాడు కూడా.

ఓడిపోవడం కూడా వేరుగా ఉంటుంది. ఇంట్లో ఓడితే ఎవడో ముఖం తెలియనివాడు తిట్టి పోతాడు, మనం గోడ వైపు చూస్తూ కూర్చుంటాం. కేఫ్‌లో ఓడినవాళ్లు ఐదుగురూ కలిసి ఓడతారు, తప్పు నీదంటే నీదని కాసేపు అనుకుని ఇంకో మ్యాచ్ పెడతారు. బూతులు ఇక్కడా తక్కువేం కాదు. కాకపోతే తిట్టినవాడు లేచి వెళ్లేటప్పుడు ఆ మనిషి పక్కనుంచే నడవాలి, అందుకని ఒక హద్దు దగ్గర ఆగుతుంది. అప్పుడప్పుడు ఆగదు, కౌంటర్‌లోంచి లేచి వెళ్లి విడదీయాల్సి వస్తుంది.

చెడు పక్క గురించి మీరు అడగలేదు గానీ, ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు కాబట్టి చెప్తాను. ప్రభుత్వాలు చాలా ప్రయత్నాలు చేశాయి. బ్రెజిల్‌లో కోర్టు ఆదేశంతో 2008లో కౌంటర్-స్ట్రైక్ అమ్మకాన్నే ఆపారు, తర్వాత ఎత్తేశారు. కొరియాలో పదహారేళ్ల లోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా ఆన్‌లైన్ ఆటలు ఆడకూడదని 2011లో చట్టం తెచ్చి, పదేళ్ల తర్వాత తీసేశారు. ఆటని ఆపే చట్టాల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. చోటుకి సంబంధించిన నియమాలు మాత్రం పనిచేస్తాయి. కొరియాలో రాత్రి పది నుంచి ఉదయం తొమ్మిది దాకా మైనర్లని పీసీ బాంగ్‌లో ఉండనివ్వరు, 2013 నుంచి లోపల పొగ తాగడం నిషేధం. 2002 జూన్‌లో బీజింగ్‌లో ఒక కేఫ్ తగలబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. దానికి లైసెన్సు లేదు, కిటికీలకి ఇనుప చువ్వలున్నాయి, తలుపుకి తాళం వేసి ఉంది. ఆ ఏడే చైనాలో పద్దెనిమిదేళ్ల లోపువాళ్లని కేఫ్‌లలోకి రానివ్వకూడదన్న నియమం వచ్చింది. మీ తమ్ముడు వెళ్లే చోటుకి ఒకసారి వెళ్లి చూడండి. వాళ్లు ఏ ఆట ఆడుతున్నారన్నది తర్వాత చూసుకోవచ్చు. రెండో తలుపు ఉందా, అది తెరుచుకుంటుందా, రాత్రి ఎన్నింటికి మూస్తారు, వయసు అడుగుతారా అన్నవి ముందు చూడండి.

ఈ కేఫ్‌లు ఎంతకాలం నిలుస్తాయని ఒకరు అడిగారు. కేఫ్‌ల సంఖ్య తగ్గుతోంది, అందులో అనుమానం లేదు. 2020లో కోవిడ్‌కి మూసినవాటిలో చాలా తిరిగి తెరుచుకోలేదు. ఫోన్ ఆటలు కేఫ్‌ని చంపేస్తాయని అంటారు గానీ, ఫోన్ ఆటకి ఒక బలహీనత ఉంది. ఆ తెర వెనక నిలబడి చూడటానికి ఇంకో తల కూడా పట్టదు. నలుగురు పక్కపక్కన కూర్చుని ఫోన్లలో ఆడుతున్నా బయటినుంచి వచ్చినవాడికి నాలుగు వంచిన తలలే కనిపిస్తాయి. కొత్తవాళ్లని కేఫ్‌లో చూపు తెస్తుంది, ఫోన్‌లో లింకు తెస్తుంది. లింకు ఎక్కువమందిని తెస్తుంది, ఒప్పుకుంటాను. కానీ యంత్రాన్ని అద్దెకిచ్చే చోటుగా మాత్రమే నడుస్తున్న కేఫ్‌లు ముందు పోతాయని, గ్యాంగులు పట్టే వరసలున్న కేఫ్‌లు ఇంకొన్నాళ్లు ఉంటాయని నా అంచనా.

చివరగా మీ తమ్ముడికి చెప్పాల్సిన రెండు పనికొచ్చే మాటలు. లేచేముందు ఐడీ లాగ్ అవుట్ చేయమనండి, బ్రౌజర్ పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోనా అంటే వద్దనమనండి, ఐడీకి ఫోన్ ధృవీకరణ పెట్టించండి. రీస్టార్ట్‌లో అన్నీ చెరిగిపోతాయి గానీ, రీస్టార్ట్ కాకముందే ఆ సీట్లో ఇంకొకడు కూర్చుంటే చెరగవు. రెండోది, చీటింగ్ సాఫ్ట్‌వేర్ వాడే గ్యాంగ్ లేచిన సీట్లో కూర్చోవద్దనండి. వాలరంట్ లాంటి ఆటలతో 2020 నుంచి వస్తున్న కాపలా సాఫ్ట్‌వేర్ విండోస్‌తో పాటే లేచి కంప్యూటర్ లోపలంతా చూస్తుంది. దొరికినవాడి ఐడీతో పాటు ఆ సిస్టమ్ మీద కూడా వేటు పడొచ్చు, తర్వాత అక్కడ కూర్చున్నవాడికి ఆట తెరుచుకోదు. అలా జరిగితే సీటు మార్చమని కౌంటర్‌లో అడగొచ్చు, మిగిలిన టైమ్ కొత్త సీటుకి వేస్తారు.